కొనేముందు ఒక్క మాట: సీడీ ట్రాన్స్‌పోర్టు

బొగ్గు బాయిల ఊళ్ళలో దసరా అంటే కొత్త బట్టలూ బతుకమ్మా మాత్రమే కాదు, లాభాల వాటా కూడా. 2024 దసరాకు ముందు సింగరేణి, విస్తరణ పనులకు తీసిపెట్టింది పోను మిగిలిన లాభంలో 33 శాతం కార్మికులకు ప్రకటించింది. మొత్తం 796 కోట్లు. సగటున మనిషికి లక్షా తొంభై వేలు. ఈ డబ్బు బ్యాంకులో పడిందంటే చాలు, గోదావరిఖని లక్ష్మీనగర్‌లో దుకాణాలు కళకళలాడతాయి. ఫ్రిజ్జు, పిల్ల కాలేజీ ఫీజు, చీటీ బాకీ... అని మీరు మనసులో ఒక లిస్టు వేసుకుంటారు. ఆయన మనసులో ఇంకో లిస్టు ఉంటుంది. పాటల పిచ్చి ఉన్న ఇల్లయితే అందులో మొదటి పేరు 'సీడీ ట్రాన్స్‌పోర్టు' కావచ్చు.

పేరు వినగానే లారీలూ బస్సులూ గుర్తొస్తున్నాయి కదూ? కంగారు పడకండి. అలాగని "మీకేమైనా మతిపోయిందా" అని ఒక్క మాటతో కొట్టిపారెయ్యకండి కూడా. నేల కింద ఎనిమిది గంటలు పనిచేసి వచ్చిన మనిషి ఓ గంట మంచి పాట వినాలనుకోవడం తప్పు కాదు. అయితే లక్ష రూపాయల మాట వచ్చినప్పుడు అడగాల్సినవి అడగాలి. ఏమడగాలో చూద్దాం.

ఇంతకీ ఏమిటిది?

మామూలు సీడీ ప్లేయరు రెండు పనులు చేస్తుంది. ఒకటి, డిస్కును తిప్పుతూ లేజరు వెలుగుతో దాని మీదున్న అంకెలు చదవడం. రెండు, ఆ అంకెలను పాటగా మార్చడం. మొదటి పని మాత్రమే చేసేది ట్రాన్స్‌పోర్టు. రెండో పని చేసే దాన్ని డాక్ అంటారు. వంటింటి భాషలో చెప్పాలంటే ట్రాన్స్‌పోర్టు బియ్యం తెచ్చిపెడుతుంది, డాక్ వండుతుంది, యాంప్లిఫయరూ స్పీకర్లూ వడ్డిస్తాయి.

కాబట్టి మొదటి ప్రశ్న, "మనింట్లో డాక్ ఉందా?" విడిగా అయినా ఉండాలి, యాంప్లిఫయరు లోపలైనా ఉండాలి. యాంప్లిఫయరు వెనకవైపు 'కోయాక్సియల్' అనో 'ఆప్టికల్' అనో రాసిన డిజిటల్ ఇన్‌పుట్ ఉంటే ఉన్నట్టే. లేకపోతే ఎంత ఖరీదు పెట్టి తెచ్చినా ఆ పెట్టె నోరు మెదపదు. దానికోసం ఇంకో పెట్టె కొనాలి. లెక్క అక్కడ పెరుగుతుంది.

కేంబ్రిడ్జ్ ఆడియో వారి సి.ఎక్స్.సి., ఆడియోల్యాబ్ వారి 6000 సి.డి.టి. వంటివి ఈ తరగతిలో కింది మెట్లు. పైకి పోయేకొద్దీ ధర వేలు దాటి లక్షల్లోకి వెళ్తుంది.

లక్షలు పోస్తే పాట బాగుపడుతుందా?

సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కలిసి తయారు చేసిన ఈ సీడీ 1982లో బజారుకొచ్చింది. పాటను సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా రాస్తారు. వాటితోపాటు తప్పులు దిద్దుకోవడానికి అదనపు అంకెలు కూడా రాస్తారు. అందుకే దారి మీద రెండున్నర మిల్లీమీటర్ల మేర చెరిగిపోయినా ప్లేయరు ఆ ఖాళీని ఉన్నదున్నట్టు పూరించగలదు. అంటే శుభ్రమైన డిస్కు నుంచి మామూలు ప్లేయరైనా, లక్షల ట్రాన్స్‌పోర్టయినా చదివేది అవే అంకెలు. వెండి చేటలో తెచ్చినా, వెదురు చేటలో తెచ్చినా బియ్యం బియ్యమే.

"అంకెలు సరే, అవి అందే సమయం అటూ ఇటూ అవుతుంది కదా" అని షాపువాళ్ళు అంటారు. దీన్ని జిట్టర్ అంటారు. మాట నిజమే. కానీ ఇప్పటి మంచి డాక్‌లు ఆ సమయాన్ని తామే సరిచేసుకుంటాయి. మిగిలే తేడా చెవికి అందడం కష్టం.

ఇంకో సంగతి. మన ఇళ్ళలో ఎక్కువగా మోగేవి ఘంటసాల, సుశీల పాత పాటలు. 1957 నాటి 'మాయాబజార్' పాటలు మోనోలో రికార్డయినవి. ఆనాటి టేపులో లేనిదాన్ని ఈనాటి ఏ పెట్టె పుట్టించలేదు.

పాట రంగు నిజంగా మారేది స్పీకర్లతో, ఆ తర్వాత గదితో. క్వార్టరులో చిన్న గది, సిమెంటు గోడలు, నున్నటి నేల అయితే శబ్దం గణగణమంటుంది. దళసరి కర్టెన్లు, నేల మీద జంపఖానా, ఓ బట్టల అలమర ఉంటే పాట కుదురుకుంటుంది. ఈ ఖర్చు వేలల్లోనే తేలిపోతుంది.

వీపు తిప్పి వినండి

మాటలతో తేలకపోతే ఇంట్లోనే ఓ పరీక్ష పెట్టండి. కోయాక్సియల్ లేదా ఆప్టికల్ అవుట్‌పుట్ ఉన్న పాత డీవీడీ ప్లేయరు అటక మీద ఉంటే దించండి. అది కూడా ట్రాన్స్‌పోర్టుగా పనికొస్తుంది. షాపువాళ్ళు ఒక రోజు వినడానికి కొత్తది ఇస్తే రెంటినీ ఒకే డాక్‌కు కలపండి. ఆయన్ని వీపు తిప్పి కూర్చోమనండి. అదే పాట, అదే వాల్యూమ్. ఏది వాడాలో ప్రతిసారీ రూపాయి బిళ్ళ ఎగరేసి తేల్చుకుని పదిసార్లు వినిపించండి. ఏది ఏదో ఆయన చెప్పాలి. ఊరికే ఊహించినా అయిదు దాకా సరిపోతాయి. తొమ్మిదిగానీ పదిగానీ కరెక్టయితే మాత్రం ఆయన నిజంగానే తేడా పట్టారన్నమాట. ఊరికే అదృష్టంతో అన్ని సరిపోయే అవకాశం నూటికి ఒకటే.

ముందు చెవులు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. 85 డెసిబెల్స్ దాటిన శబ్దంలో రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏళ్ళ తరబడి పనిచేస్తే వినికిడి తగ్గుతుంది. డ్రిల్లింగు మిషన్లు, ఓపెన్‌కాస్టులో డంపర్లు నడిపేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ముందుగా పోయేది సన్నని శబ్దాలు వినే శక్తి. వయొలిన్ పైస్థాయి, పాటలో 'స', 'ష' అక్షరాల స్పష్టత అందులోనే ఉంటాయి. ఆయన టీవీ సౌండు పెంచమంటున్నా, మీరు వంటింట్లోంచి పిలిస్తే రెండోసారికి గానీ పలక్కపోయినా విసుక్కోకండి. చెవి డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ పరీక్ష చేయించండి. పోయిన వినికిడిని ఏ ట్రాన్స్‌పోర్టూ తిరిగి తేలేదు. ఉన్నదాన్ని కాపాడేది పనిలో పెట్టుకునే ఇయర్ ప్లగ్గులే.

కొనాలనే అనుకుంటే

పరీక్షలన్నీ దాటాయి, డబ్బు ఉంది, ముచ్చటా ఉంది. కొనుక్కోండి, తప్పేం లేదు. మన బొగ్గు ఊళ్ళకు తగ్గట్టు ఇవి చూసుకోండి.

* పైమూత తెరిచి డిస్కు పెట్టే రకం వద్దు. తెరిచినప్పుడల్లా లేజరు కన్ను మీద దుమ్ము పడుతుంది. ఓపెన్‌కాస్టు దగ్గర కాపురమైతే మరీను. ట్రే ముందుకొచ్చే రకం నయం.

* లేజరు అరిగిపోయే భాగం. "ఇది దొరుకుతుందా? ఎక్కడ మారుస్తారు?" అని బిల్లు కట్టకముందే అడగండి. ప్రతిసారీ రామగుండం స్టేషన్లో రైలెక్కి హైదరాబాదు మోసుకెళ్ళడం మాటలు కాదు.

* ఇంట్లో ఉన్న ఎం.పి.త్రీ డిస్కులు, కాపీ సీడీలు తీసుకెళ్ళి షాపులోనే వేసి చూడండి. కొన్ని ట్రాన్స్‌పోర్టులు ఎం.పి.త్రీ డిస్కులు చదవవు.

* డిజిటల్ కేబులుకు వేలు పోయకండి. 75 ఓమ్‌ల మామూలు కేబులు చాలు.

* సీడీని మెత్తటి బట్టతో మధ్యనుంచి అంచువైపు నిలువుగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడిస్తే గీత దారి పొడవునా పడుతుంది. బొమ్మ ఉన్న వైపు ఇంకా జాగ్రత్త. పాట ఉన్న పొర ఆ రంగు కిందే ఉంటుంది.

* మోగనప్పుడు బట్ట కప్పండి. మోగేటప్పుడు తీసెయ్యండి, వేడి బయటికి పోవాలి.

* బ్లాస్టింగు అదురు తగిలే ఇళ్ళలో ఊగే స్టాండు మీద కాకుండా గోడకు బిగించిన అర మీద పెట్టండి.

చివరిగా మీ గురించి. ఆ రిమోట్ ఎలా వాడాలో కొన్న రోజే నేర్చుకోండి. ఆయన బాయికెళ్ళాక ఇంట్లో ఉండేది మీరూ, ఆ పెట్టే. నైట్ షిఫ్టు దిగి ఆయన పడుకున్న పగటిపూట మీరు వినడానికి ఓ హెడ్‌ఫోను కూడా ఆ బిల్లులోనే రాయించండి. లాభాల వాటాలో మీ వాటా అనుకోండి!