కొండలు కంకర కాకముందే

హైదరాబాద్‌లో పాత కట్టడం ఏదంటే చిన్నపిల్లలైనా చార్మినార్ పేరు చెబుతారు. 1591 నాటిది. దాని మినార్ మీద పెచ్చు ఊడితే మర్నాడు పత్రికల్లో ఫొటో పడుతుంది, అధికారులు పరుగెత్తుకొస్తారు. పడాల్సిందే, రావాల్సిందే. అదే నగరంలో సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న శిలలను పగలగొట్టి టిప్పర్లకెత్తుతుంటే మాత్రం అడిగే నాథుడు లేడు. జూబ్లీహిల్స్‌కూ ఫిల్మ్‌నగర్‌కూ చార్మినార్ అంతటి స్మారకం ఏదైనా ఉందంటే అది అక్కడి గ్రానైటు బండే. దాన్ని కాపాడే బాధ్యత నుంచి ప్రభుత్వం తప్పుకుంది. ఆ బాధ్యత మళ్లీ నెత్తికెత్తుకోవాల్సిందే.

ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు. హుడా (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) రోజుల్లో జోనింగ్ నియమాల్లోని 13వ నిబంధన కింద వారసత్వ భవనాలతో పాటు 9 శిలా సమూహాలనూ జాబితాకెక్కించారు. ఫిల్మ్‌నగర్ దగ్గరి మాన్‌స్టర్ రాక్, జూబ్లీహిల్స్‌లోని క్లిఫ్ రాక్, ఒబెలిస్క్, బ్లూక్రాస్ పక్కనున్న టోడ్‌స్టూల్ అందులోవే. తొమ్మిదింట నాలుగు ఈ చుట్టుపక్కలవే. కూతవేటు దూరంలోని దుర్గం చెరువు గుట్టలనూ కలిపితే ఐదు. 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగితే వచ్చిన ఫలితమది. 2015 డిసెంబరులో ఆ 13వ నిబంధననే ప్రభుత్వం ఎత్తేసింది. 2017లో వారసత్వ చట్టం తెచ్చారు గానీ, రాళ్లకు పోయిన రక్షణ తిరిగి రాలేదు. నవాబుల నాటి ఎర్రమంజిల్ భవనాన్ని ప్రభుత్వం కూల్చబోతే జనం కోర్టుకెక్కారు, 2019లో హైకోర్టు అడ్డుకుంది. భవనానికి నవాబుల పేరుంది, మెట్లున్నాయి, కమానులున్నాయి. రాయి తరఫున వకాల్తా పుచ్చుకునేదెవరు?

జూబ్లీహిల్స్‌లో పునాదులు లేస్తున్న ఏ పెద్ద భవనం సెల్లార్‌లోకైనా తొంగి చూడండి. నిలువునా కోసిన బండ మీద జానెడు జానెడు ఎడంలో, పైనుంచి కిందిదాకా డ్రిల్లు గాడులు కనిపిస్తాయి. కంప్రెషర్ పెట్టి వరసగా బెజ్జాలు వేస్తారు. తూటా పేల్చడం కుదరని చోట రసాయనపు పొడిని నీళ్లలో కలిపి ఆ బెజ్జాల్లో పోస్తారు. అది గట్టిపడుతూ ఉబ్బుతుంది, తెల్లారేసరికి బండ నెర్రెలిస్తుంది. ఇక మిగిలింది బ్రేకర్ పని. రాత్రంతా ఆ చప్పుడుకు నిద్రపట్టని ముసలివాళ్లను అడిగితే చెబుతారు ఈ అభివృద్ధి రుచి. కంప్రెషర్ పట్టిన కూలీది పొట్టకూటి పని, అతన్ని అనేదేముంది? ప్లాను మీద సంతకం పెట్టినవారిని అడగాలి. సెట్‌బ్యాకు చూస్తారు, పార్కింగు చూస్తారు, ఇంకుడు గుంత ఉందా అంటారు. స్థలంలోని బండ సంగతి ఎవరికీ పట్టదు. బండల సందుల్లోంచి, పగుళ్లలోంచి వాననీరు దిగే దారులను సెల్లార్లతో మూసేసి, మళ్లీ గుంత తవ్వి నీళ్లు ఇంకించమనడం మనకే చెల్లింది. ఎండాకాలం రాగానే కోట్ల ఖరీదు చేసే ఇళ్ల ముందు ట్యాంకర్లు ఊరికే నిలబడవు.

1960లలో చల్లగళ్ల నరసింహం చొరవతో సహకార గృహనిర్మాణ సంఘం జూబ్లీహిల్స్‌కు వచ్చినప్పుడు ఇవి ఊరికి దూరంగా పడి ఉన్న గుట్టలు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు పక్కనే బంజారాహిల్స్‌లో రాళ్లూ రప్పల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. తర్వాత రామానాయుడు స్టూడియోస్ ఫిల్మ్‌నగర్ కొండెక్కింది. మద్రాసు వదిలి వచ్చిన సినిమా పరిశ్రమకు ఈ బండలే సెట్టింగు అయ్యాయి, పైసా అద్దె అడగలేదు. వాటి మీద ఎన్ని పాటలు తీశారో, ఎన్ని ఫైట్లు తీశారో! ఆ రుణం తీర్చుకునే మొదటి మాట ఫిల్మ్‌నగర్‌లోనే ఉన్న ఫిల్మ్ ఛాంబర్ నుంచి రావాలి.

రాయి ఉంటే ఇల్లు కట్టలేమన్న వాదన నిలవదు. విశ్రాంత ఐఏఎస్ అధికారి, చరిత్రకారుడు నరేంద్ర లూథర్ బంజారాహిల్స్‌లో బండను కదపకుండా దాని చుట్టూ ఇల్లు కట్టుకున్నారు. ఫిల్మ్‌నగర్ బస్తీల్లో పేదలు గుండునే వెనకగోడ చేసుకుని రేకులు కప్పుకున్నారు. లూథర్‌కు అది అభిరుచి, బస్తీవాళ్లకు గతిలేనితనం. ఈ రెండింటినీ ఒక్కగాటన కట్టలేం. కానీ రాయిని ఉంచి బతకవచ్చని ఇద్దరూ చూపించారు.

పట్టా భూమి, గజం లక్షల్లో, యజమాని ఎందుకు నష్టపోవాలన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన దగ్గరే ఉంది. రోడ్డు విస్తరణకు స్థలమిచ్చినవారికి ఇస్తున్న టీడీఆర్‌ను (బదిలీ చేసుకోదగ్గ నిర్మాణ హక్కును) బండను నిలిపినవారికీ ఇవ్వాలి. చెరువుల రక్షణ కోసం 2024లో హైడ్రా సంస్థను పెట్టిన ప్రభుత్వానికి ఇదేమంత పెద్ద పని కాదు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్లు కూల్చినప్పుడు సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని ఆపాల్సి వచ్చింది. ప్రతిసారీ కోర్టు చేత చెప్పించుకోవడం ఏ ప్రభుత్వానికీ గౌరవం కాదు. పక్క రాష్ట్రంలో తిరుమల కొండలు, విశాఖ ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. మనం ఉన్న జాబితానే చెరిపేసుకున్నాం.

చేయాల్సింది స్పష్టం. పాత జాబితాలోని 9 శిలా సమూహాల్లో ఏది ఏ స్థితిలో ఉందో ప్రభుత్వం సర్వే చేసి ప్రజల ముందు పెట్టాలి. వారసత్వ చట్టాన్ని సవరించి వాటిని పేరుపేరునా చేర్చాలి. స్థలంలోని బండలను చూపే రాతి పటం జతచేయని ప్లానుకు జీహెచ్ఎంసీ అనుమతి ఇవ్వకూడదు. ఇవన్నీ పూర్తయ్యేదాకా ఆ శిలలున్న సర్వే నంబర్లలో ఒక్క బెజ్జం కూడా పడనివ్వకూడదు.