స్టార్టప్‌కు మినహాయింపు, పంక్చర్ డబ్బాకు గైర్హాజరు

"చదువుకుంటనే వ్యాపారం చేయండి, ఉద్యోగాలు అడిగేటోళ్లు కాదు, ఇచ్చేటోళ్లు కండి" అనే ఉపన్యాసం ఇప్పుడు ఏ కాలేజీకి పోయినా వినబడుతున్నది. హైదరాబాద్ నుంచి ఒకాయన కోటు తొడుక్కొని వస్తడు. పొద్దుగాల నాలుగింటికి లేవాలంటడు. దినంల ప్రతి గంటకు లెక్క రాసుకోవాలంటడు. భయం ఇడిసిపెట్టాలంటడు. కింద కూసున్న మాల మాదిగ పిల్లలు చప్పట్లు కొట్టాలె.

అయ్యా, నాలుగింటికి లేవడం మాకు నువ్వు నేర్పేదేంది? కట్టంగూర్‌ల ఒక్కరోజు మా వాడల పండుకొని లేచి చూడు. పాలు పిండేటోడు, పేపరు వేసేటోడు, పత్తి ఏరను పోయే తల్లికి సద్ది కట్టిచ్చి కాలేజీ బస్సు కోసం ఉరికే ఆడపిల్ల, వీళ్లందరు నీకన్నా ముందే లేస్తున్నరు. వీళ్లకు తక్కువైంది తెల్లారుజాము కాదు.

కట్టంగూర్ మీదుగ పోయే హైదరాబాద్–విజయవాడ రోడ్డు ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి. 2012ల నాలుగు లైన్లయింది. ఆ రోడ్డు పక్కన మన వాడ పిల్లగాడు ఒకడు పంక్చర్ డబ్బా పెట్టుకున్నడనుకోండ్రి. పేరెందుకు, నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా ఇసొంటోళ్లు దొరుకుతరు. ఒక కంప్రెసర్, రెండు టైరు లివర్లు, ఒక జాకి, ఒక నీళ్ల తొట్టి. డిగ్రీ రెండో సంవత్సరం. లారీలు ఎక్కువ నడిచేది రాత్రి, టైరు దిగేదీ రాత్రే. అర్ధరాత్రి డ్రైవరు రేకు తలుపు కొడితే లేవాలె. తెల్లారి నకిరేకల్‌కో, నార్కట్‌పల్లిల బస్సు మారి నల్లగొండకో పోవాలె. వేలిముద్ర మిషను ఉన్న కాలేజీ అయితే వేలు పెట్టాలె. రాత్రంత రబ్బరు రుద్ది అరిగిన వేలు మిషనుకు ఆనదు. నవ్వులాట కాదు, కూలి చేసిన చేతుల గీతలు మిషను పడుతలేదని రేషన్ షాపుల కాడ ముసలోళ్లు ఎన్నేండ్ల నుంచో మొత్తుకుంటున్నరు.

ఊరి షావుకారు కొడుకు కూడ చదువుకుంట దుకాణం చూస్తడు. వాడు కాలేజీకి పోతే గల్లాపెట్టె ముందట తండ్రి కూసుంటడు, లేకుంటే చిన్నాయన కూసుంటడు. మడిగె సొంతం. సరుకు ఖాతా మీద దిగుతది. అబ్బ, రెండూ ఎంత చక్కగ నడుపుతున్నడని వాన్ని మెచ్చుకుంటరు. మనోడు కాలేజీకి పోతే డబ్బాకు తాళం. డబ్బా తెరిస్తే కాలేజీల గైర్హాజరు. దినానికి ఇద్దరికీ ఇరవై నాలుగు గంటలే, తేడా గడియారంల లేదు. వాని వెనుక మూడు తరాల గల్లా ఉంది, వీని వెనుక మూడు తరాల వెట్టి ఉంది.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రావాలంటే నూటికి 75 హాజరు ఉండాలె. 200 దినాలు క్లాసులు జరిగితే 150 దినాలు ఉండాలె, మిగిలింది 50. ఆ యాభైలనే జ్వరం రావాలె, చావులు పెండ్లిండ్లు రావాలె, అమ్మను దవాఖానకు తీస్కపోవాలె, సామాను కోసం హైదరాబాద్ పోవాలె. దాటితే ఫీజు ఆగుతది. సరే, 75 పెట్టినోనికన్న సర్కారు టైముకు ఇస్తున్నదా? 2025 నవంబరుల ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలే బకాయిల కోసం కాలేజీలు బందుపెట్టినయి. సర్కారు కాలేజీకి బాకీ పడతది, కాలేజీ పోయి పిల్లగాని సర్టిఫికెట్లు పట్టుకుంటది. బాకీదారు ఒకడు, తాకట్టు పడ్డది ఇంకొకని పదో తరగతి మెమో! పిల్లగాని హాజరు 74 అయితే శిక్ష ఉన్నది. నెలలకు నెలలు ఖజానా గైర్హాజరైతే ఏ శిక్షా లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్త. చదువుకుంట సొంత వ్యాపారం నడిపేటోనికి హాజరుల సడలింపు ఇయ్యవచ్చునని ఈ దేశంల విధానం రాసిపెట్టి ఉన్నది, తెలుసా? అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2016ల ఒక స్టార్టప్ విధానం తెచ్చింది. 2019ల కేంద్రం, విద్యార్థులకు అధ్యాపకులకు జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం అని ఇంకొకటి తెచ్చింది. విద్యార్థి సొంత సంస్థ పెట్టుకుంటే, కాలేజీ అనుమతితోని, హాజరు తక్కువున్నా పరీక్ష రాయనియ్యవచ్చునన్నది. మధ్యల కొన్నాళ్లు ఆగి మళ్ల వచ్చి చేరవచ్చునన్నది. కాబట్టి ఒక మనిషి రెండు పనులు చేస్తే ఒకదానికి టైము తక్కువైతదని ఢిల్లీల కూసున్నోళ్లకు తెల్వక కాదు. తెలుసు, కాగితం మీద పెట్టిండ్రు. ఎవరిని మనసుల పెట్టుకొని రాసిండ్రు అన్నదే ప్రశ్న.

ఆ కాగితంల పంక్చర్ డబ్బా లేదు, టిఫిన్ బండి లేదు, కుట్టు మిషను లేదు. ఇన్నోవేషన్ ఉన్నది. 2015 నవంబరుల హైదరాబాద్‌ల టీ-హబ్ పెట్టిండ్రు, 2022 జూన్‌ల దానికి రాయదుర్గంల అద్దాల మేడ కట్టిచ్చిండ్రు. కట్టుకోనీ, మనకేం కడుపుమంట లేదు. మన పిల్లలు కూడ ఆ మెట్లెక్కాలె. కాని ల్యాప్‌టాప్ ముందట కూసొని ఇంకా ఒక్కటి కూడ అమ్మని సరుకుకు పెట్టుబడి వెతుక్కునేటోడు 'వ్యవస్థాపకుడు' అట. దినాం రొక్కం లెక్కపెట్టి, మిత్తి కట్టి, ఇంటికి బియ్యం తెచ్చేటోడు 'కాలేజీకి సరిగ రాని విద్యార్థి' అట. ఏ శాస్త్రం ప్రకారం?

ఇందుల ఇంకో మెలిక ఉన్నది. ఆ మినహాయింపు పరీక్ష రాయడానికే. స్కాలర్‌షిప్ నిబంధనల 75 అట్లనే నిలబడి ఉన్నది. తండ్రి జేబుల నుంచి ఫీజు కట్టగలిగినోనికే ఆ మినహాయింపు అక్కరకొస్తది. స్కాలర్‌షిప్ మీద చదివేటోడు దాన్ని వాడుకున్న దినమే ఫీజు పోగొట్టుకుంటడు.

'రెగ్యులర్ కుదరకపోతే ఓపెన్ యూనివర్సిటీల చేరరాదు' అని సలహా చెప్పేటోళ్లున్నరు. 1982ల పెట్టిన ఆ యూనివర్సిటీకి 1991ల బాబాసాహెబ్ పేరు పెట్టిండ్రు. పని చేసుకుంట చదివేటోని కోసమే ఉన్న యూనివర్సిటీ అది, కాదనం. స్కాలర్‌షిప్ నిబంధనలు తిరగేయుండ్రి. ఓపెన్ యూనివర్సిటీ, దూరవిద్య, పార్ట్‌టైమ్ కోర్సులు చదివేటోళ్లు అర్హులు కాదని రాసిపెట్టిండ్రు. పని చేసే బిడ్డ చదవగలిగిన చోటుకు అంబేడ్కర్ పేరు ఇచ్చిండ్రు, పైసలు ఇయ్యలే. పేరుకు ఖర్చు లేదు గద!

ఆ అంబేడ్కర్ సంగతే చూద్దాం. 1917ల స్కాలర్‌షిప్ గడువు తీరి, లండన్‌ల చదువు నడుమల ఇడిసి వచ్చిండు. నౌకరికి బరోడా పోతే ఉండనీకె కొంప దొరకలే. బొంబాయి వచ్చి ట్యూషన్లు చెప్పిండు. షేర్లు, పెట్టుబడుల మీద సలహాలు ఇచ్చే వ్యాపారం పెట్టిండు. కొలంబియాల ఆర్థికశాస్త్రం చదివిన మనిషికి ఆ పని రాదా? మొదలు జనం వచ్చిండ్రు. సలహా చెప్పేటోడు అంటరానోడని తెలిసినంక వచ్చుడు బందుచేసిండ్రు. వ్యాపారం మూతబడ్డది. కోటు తొడుక్కొని వచ్చే ఉపన్యాసకున్ని అడుగుతున్న, అక్కడ అంబేడ్కర్‌కు తక్కువైంది ఏంది? పొద్దుగాల లేవకపోవుడా? డైరీ రాయకపోవుడా? తర్వాత సిడెన్‌హాం కాలేజీల పాఠాలు చెప్పి నాలుగు పైసలు వెనకేసుకొని, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం తీసుకొని, దోస్తు దగ్గర అప్పు తీసుకొని 1920ల మళ్ల లండన్ పోయి ఆగిన చదువు పూర్తి చేసిండు.

ఆ దెబ్బ తిన్న మనిషి 1946ల బొంబాయిల సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు ఏం చేసిండు? పొద్దుగాల క్లాసులు పెట్టించిండు, పని చేసే పిల్లలు క్లాసులు అయినంక పనికి పోవచ్చునని. మనం పట్టుకోవలసిన కొస ఇదే. పిల్లగాన్ని కాలేజీ టైముకు వంచలే, కాలేజీ టైమునే వంచిండు. నకిరేకల్‌ల, నల్లగొండల ఈ పని ఎందుకు కాదు? పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదకొండున్నరకు ఇడిస్తే మిన్ను విరిగి మీద పడతదా? రాజధాని నుంచి వచ్చిపోయే సార్లకు బస్సు అందదని అంటరేమో. సార్ల బస్సు కోసం కాలేజీ టైము సర్దుతరు, పిల్లల బువ్వ కోసం సర్దరు.

వ్యాపారం మీ వంశంల లేదు, అది మీకు రాదు అనేటోళ్లకు కూడ జవాబు చెప్పాలె. ఈ నల్లగొండ జిల్లల లందల తోలు నానబెట్టింది ఎవరు? చెప్పులు కుట్టింది, మోట కొట్టే బొక్కెనకు తోలు బిగించింది ఎవరు? సరుకు మాది, పనితనం మాది. ధర మాత్రం లేదు, ఎందుకంటే అది వెట్టి. 1946–51 సాయుధ పోరాటం దాకా దొర కాలికి చెప్పులు పుణ్యానికే పోయినయి. మనువు శాస్త్రంల చదువు మీద ఆంక్ష ఉన్నది, శక్తి ఉన్నా ధనం కూడబెట్టొద్దని కింది వర్ణం మీద ఇంకో ఆంక్ష ఉన్నది. రెండు తాళాలు ఒకే చేతితోని ఏసిండ్రు. అందుకే మన పిల్లగాడు రెండూ ఒక్కసారి తెరవబోతే అంత మందికి ఇబ్బంది అయితున్నది.

ఇగ అప్పుల కథ. ముద్ర లోను 2015ల వచ్చింది. జమానతు లేకుండ 50 వేల దాకా చిన్న దుకాణానికి ఇయ్యాలె. స్టాండప్ ఇండియా 2016 ఏప్రిల్‌ల వచ్చింది. ప్రతి బ్యాంకు బ్రాంచి కనీసం ఒక్క ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక్క మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇయ్యాలన్నరు. మీ బ్రాంచిల ఆ ఒక్కడు ఎవడు? పోయి అడుగుండ్రి. బ్యాంకుల దొరకనోడు ఎటు పోతడు? నూటికి మూడు రూపాయల మిత్తికి పోతడు. 50 వేలకు నెలకు 1,500, ఏడాదికి 18 వేలు మిత్తే. టైర్లకు అతుకులేసి సంపాదించింది మిత్తికే అతుకైతది.

2021ల దళితబంధు వచ్చింది, ఇంటికి 10 లక్షలు. బ్యాంకుతోని సంబంధం లేకుండ ఇచ్చుడు మంచి ఆలోచనే, దాన్ని తక్కువ చేయం. ఎవరికి ఇయ్యాలన్న జాబితా మాత్రం ఎమ్మెల్యేల జేబుల పెట్టిండ్రు. కొందరు 3 లక్షలు గుంజుకుంటున్నరని 2023 ఏప్రిల్‌ల సొంత పార్టీ సమావేశంల అప్పటి ముఖ్యమంత్రే అన్నడు. సర్కారు మారింది, పథకం ఆగింది. 2025ల రాజీవ్ యువ వికాసం కింద 4 లక్షల దాకా అన్నరు, దరఖాస్తులు తీసుకున్నరు, జూన్ 2న పత్రాలు పంచుతమని వాయిదా వేసిండ్రు. దరఖాస్తు కోసం కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్ పట్టుకొని తిరిగిన దినాలు కూడ మన పిల్లగాని గైర్హాజరులనే పడ్డయి.

దుకాణంల మనకు వాటా ఎక్కడ ఇచ్చిండ్రో తెలుసా? 2021 నుంచి వైన్స్ షాపుల ఎస్సీలకు నూటికి 10. దరఖాస్తు పెట్టుడుకే తిరిగి రాని ఫీజు 2 లక్షలుండె, 2025ల 3 లక్షలు చేసిండ్రు. కల్లు సారకు మన వాడను ముంచి, ఆఖరుకు అందులనే వాటా చూపెట్టిండ్రు. ఆ నూటికి పది లెక్క సంతల, బస్టాండ్ల, పంచాయతీ మడిగెలల్ల కండ్లకు కనబడాలె. రోడ్డు మీది మడిగెలు ఎవరి పేరు మీద ఉన్నయి, మన వాడ రోడ్డుకు ఎంత దూరం ఉన్నది, చూసినోనికి చెప్పనక్కర లేదు. టిఫిన్ బండి పెడితే ఇడ్లీ మంచిగున్నదని తిన్నోడు, ఎవరి బిడ్డవని అడిగి తెల్లారి రాకుంట పోయిన ఊర్లు ఇంకా ఉన్నయి.

మన సంఘాలల్ల కూడ రెండు మాటలు వినబడుతయి. వ్యాపారం దోపిడీ, మనకెందుకు అంటడు ఒకన్న. గవర్నమెంటు నౌకరి కోసమే చదవాలె, డబ్బా బందుపెట్టు అంటడు ఇంకొకన్న. నౌకరి నోటిఫికేషన్ వచ్చేదాక ఆ పిల్లగాడు ఏం తినాలె, అన్నా? 1991 నుంచి సర్కారు సంస్థలు ఒక్కొక్కటి అమ్ముకుంట వస్తుంటే మన రిజర్వేషన్ కింద నేల కరుగుతున్నది. నలుగురు దళిత కోటీశ్వరుల ఫొటోలు చూపెట్టి పండుగ చేసేటోళ్లతోని మనకు పేచీ ఉన్నది, కాని దినానికి నాలుగు వందలు సొంత చేతితోని సంపాదించి, పటేలు పొలానికి కూలికి పోనని చెప్పగలిగిన పిల్లగాని స్వాభిమానం చిన్నది కాదు. వాడు చదువు ఇడవొద్దు, డబ్బా కూడ ఇడవొద్దు. ఆడపిల్లల సంగతి మన మీటింగులల్ల అసలే రాదు. బీఏ చదువుకుంట జాకెట్లు కుట్టే బిడ్డది ఎవరూ వ్యాపారమనరు, 'ఇంట్ల ఖాళీగ ఉండి కుడుతది' అంటరు. వంట, కుట్టు, కాలేజీ కలిపి ఆమెకు మూడు హాజరు పట్టీలు.

కాబట్టి వినతిపత్రాలల్ల ఊరికే 'స్కాలర్‌షిప్‌లు విడుదల చేయాలె' అని రాసి ఊరుకోవద్దు. 2019 విధానంల ఉన్న హాజరు సడలింపు చిన్న దుకాణం నడిపే డిగ్రీ విద్యార్థికి కూడ ఇయ్యాలని, ఆ సడలింపు పొందినోని స్కాలర్‌షిప్ ఆపొద్దని ప్రిన్సిపాల్‌ను, ఎస్సీ సంక్షేమ అధికారిని రాసి అడుగుండ్రి. ఓపెన్ యూనివర్సిటీ ఫీజు కూడ వాపసియ్యాలని అడుగుండ్రి. పొద్దుటి క్లాసులు అడుగుండ్రి. బ్రాంచి మేనేజరు ముద్ర లోను ఇయ్యనంటే, ఎందుకు ఇయ్యనంటున్నడో కాగితం మీద రాసియ్యమనుండ్రి. నోటితోని చెప్పిన 'లేదు'కు విలువ లేదు.

మీ కాలేజీల ఎన్ని నెలల స్కాలర్‌షిప్ ఆగి ఉన్నది, ఎందరి సర్టిఫికెట్లు పట్టుకున్నరు, మీ ఊర్ల పంచాయతీ మడిగెలు ఎన్ని, అందుల మనోళ్లవి ఎన్ని, ఈ లెక్క పోస్టుకార్డు మీదనైనా సరే పత్రికకు రాసి పంపుండ్రి. పంపినోళ్ల పేర్లు అచ్చు వేయం, ఊరి పేరు, లెక్క మాత్రమే వేస్తం.