కంప్యూటరు ఊహకు మన బియ్యం బలి

2013 నాటి ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో పద్దెనిమిదేళ్లు నిండిన వారిలో అందరికన్నా పెద్దామెనే ఇంటి పెద్దగా గుర్తించింది. ఒక్క కాగితంలోనైనా మన పేరు ముందుందని సంతోషించినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

తెలంగాణలో ఆ కార్డు ఉంచాలో తీసేయాలో చెప్పే పని 'సమగ్ర వేదిక' అనే కంప్యూటరు వ్యవస్థకు అప్పగించారు. వేర్వేరు శాఖల రికార్డుల్లోని పేర్లు, చిరునామాలు పోల్చి, ఇవన్నీ ఒకే మనిషివని అది ఊహిస్తుంది. ఒక్క బస్తీలో ఒకే పేరున్నవాళ్లు ఎందరుంటారో మనకు తెలుసు. ఎవరిదో కారు రిక్షా తొక్కేవాడి లెక్కలో పడితే, పోయేది అతని భార్య పేరునున్న కార్డు. నోటీసు లేదు. సంచి పట్టుకుని డీలరు దగ్గరికి వెళ్లాకే తెలుస్తుంది. కారు లేదని రుజువు చేయాల్సింది కూడా ఆమే. లేని కారుకు ఏ ఆఫీసు కాగితమిస్తుంది?

రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

కృత్రిమ మేధ వద్దని నేననను. అర్హత ఉండీ కార్డు లేని ఒంటరి స్త్రీలను కూడా అవే రికార్డులతో వెతకవచ్చు గదా! ఏరివేతకు చూపిన ఉత్సాహం అందులో కనబడదేం? రద్దు చేసే ముందు కారణం తెలుగులోనో ఉర్దూలోనో రాసివ్వాలనీ, మనిషి ఇంటికొచ్చి చూడాలనీ, విషయం తేలేదాకా బియ్యం ఆపరాదనీ మన సంఘాలు పట్టుబట్టాలి.