మీటరులో లేని ఖర్చు

కోల్‌కతాలో పసుపు టాక్సీ ఎక్కాలంటే మీటరు కంటే ముందు డ్రైవరు మొహం చూడాలి. రాత్రివేళ హౌరా స్టేషన్ బయట ఊరిచివరి పేట పేరు చెబితే తల అడ్డంగా ఊపుతాడు, లేదంటే మీటరు మీద ఇంకో ఇరవయ్యో యాభయ్యో అడుగుతాడు. జనం దీన్ని పొగరంటారు. నిజానికిది లెక్క. ఛార్జీ నిర్ణయించేది ప్రభుత్వం. ఖాళీగా తిరిగొచ్చే దారి ఖర్చు, ఆలోగా దగ్గర్లో దొరికే రెండు బేరాలు మీటరుకెక్కవు. అర్థశాస్త్రంలో దీని పేరు అవకాశ వ్యయం.

ప్రభుత్వం 'నో రిఫ్యూజల్' అని రాసిన నీలం-తెలుపు టాక్సీలు దించింది. రానన్నవారికి పోలీసులు 3,000 రూపాయల జరిమానా వేస్తున్నారంటూ 2014 ఆగస్టులో డ్రైవర్లు బళ్లు ఆపేశారు. తలుపు మీద రాతతో ఖాళీ ప్రయాణం ఖర్చు తీరుతుందా? ఆ ఏడాదే ఉబర్ వచ్చింది. గిరాకీ పెరిగితే రేటు పెంచి మరీ బండి పంపింది. జేబు నిండిన వాళ్లకు సుఖమే. వానరాత్రి రెట్టింపు కట్టలేని వాళ్లు మాత్రం బస్సు కోసం తడుస్తూనే ఉన్నారు. వాళ్లకు పనికొచ్చేది పాత బేరమే: ఇరవై దగ్గర మొదలై పదికి తెగేది. అంబాసిడర్ల తయారీ కూడా 2014లోనే ఆగింది. 15 ఏళ్లు నిండినవి ఒక్కొక్కటీ రోడ్డు దిగిపోతున్నాయి.