ఖాళీ జాగా ఊరికే ఉండదు

బేతంచెర్ల అంటే బండలు. ఎవరో ఎక్కడో కట్టుకునే ఇంటికి నేల ఇక్కడి నుంచే లారీలెక్కి వెళ్తుంది. అలాంటి ఊళ్లో కూడా ఒక్క బండ పరవని ఇళ్ల స్థలాలున్నాయి. వాటి వెనకున్న కథలన్నీ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. బండల పాలిష్ యూనిట్‌లో పనిచేసిన తండ్రి పాతికేళ్ల కిందట చీటీ పాడి అయిదు సెంట్లు కొన్నాడు. 'పిల్లోడు పెద్దయితే ఇల్లేస్తాడు' అనుకున్నాడు. పిల్లోడు పెద్దయ్యాడు. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నాడు. పెద్ద కూతురు నంద్యాలలో, చిన్న కూతురు డోన్‌లో కాపురముంటున్నారు. స్థలంలో కంప పెరిగింది. పక్కింటివాళ్లు మొదట గేదెను కట్టేశారు, తర్వాత దానికో రేకుల పాక వేశారు.

ఉగాదికి అందరూ కలిసినప్పుడు మాట మొదలవుతుంది.

"అమ్మేద్దాం నాయనా" అంటాడు కొడుకు.

"యాడికి పోతుందిలేరా, ఉండనీ" అంటాడు తండ్రి.

కూతుళ్లిద్దరూ ఏమీ అనరు. పండగ అయిపోతుంది. మాట మళ్లీ ఉగాదికి వాయిదా!

నిజంగా యాడికీ పోదా?

'ఉండనీ' అనడం కూడా ఒక నిర్ణయమే. దానికీ ఖర్చుంది. పంచాయతీగా ఉన్న బేతంచెర్ల నగర పంచాయతీ అయింది. 2021 నవంబరులో దానికి ఎన్నికలు జరిగాయి. పట్టణ పరిధిలో ఇంటికే కాదు, ఖాళీ స్థలానికీ పన్ను కట్టాలి. కట్టకపోతే బకాయి పేరుకుంటుంది. అమ్మబోయే రోజునో, ఇంటి ప్లాను పెట్టబోయే రోజునో అది ఎదురొస్తుంది.

రెండోది హద్దు. మన స్థలాన్ని వేరొకరు తమదే అన్నట్టుగా బాహాటంగా అనుభవిస్తూ పన్నెండేళ్లు గడిస్తే, తిరిగి రాబట్టుకునే దావాకు 1963 నాటి కాలపరిమితి చట్టం అడ్డు రావచ్చు. మనం అనుమతిస్తే వాడుకుంటున్నవారికి ఆ హక్కు రాదు. కానీ అనుమతించామని రుజువు చేసేదెట్లా? 'కట్టుకోండిలే' అని నోటితో అన్నమాట పాతికేళ్ల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? అందుకే చిన్న కాగితమైనా రాసుకోవాలి. ఇరుగుపొరుగుతో గొడవ పెట్టుకోవడం కాదిది, గొడవ రాకుండా చూసుకోవడం.

ముందు ట్రంకుపెట్టె తీయండి

అమ్మడమా, కట్టడమా అనే చర్చకు ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. దస్తావేజు బయటికి తీసి చదవాలి. పాత కాగితాల్లో కర్నూలు జిల్లా అనే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడి బేతంచెర్ల అందులోకి వెళ్లింది. జిల్లా పేరు మారినంత మాత్రాన హక్కు మారదు. సర్వే నంబరు, నాలుగు హద్దులు సరిపోతున్నాయా అన్నదే ముఖ్యం. అప్పట్లో 'తూర్పున ఫలానా వారి ఖాళీ స్థలం' అని రాసినచోట ఇప్పుడు మేడ ఉండొచ్చు.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీయించాలి. సర్వేయరుతో కొలిపించాలి. లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో తెలుసుకోవాలి. లేకపోతే ఇంటి ప్లాను దగ్గర చిక్కే. ఇవన్నీ అయ్యాక నాలుగు మూలలా నిలువు బండలు పాతించాలి. బేతంచెర్లలో రాయికేం కరువు!

ఉన్నవి మూడు దారులు

మొదటిది అమ్మకం. కొడుకు గజాల్లో లెక్కేస్తాడు, తండ్రి సెంట్లలో. అయిదు సెంట్లంటే 242 గజాలు. ముగ్గురికి పంచితే తలా ఎనభై గజాలు. నడవడానికి దారి, గోడల చుట్టూ వదలాల్సిన జాగా పోతే మిగిలేదెంత? ముక్కలు చేసి పంచుకోవడం కన్నా మొత్తంగా అమ్మి సొమ్ము పంచుకోవడమే చాలాసార్లు మేలు. లాభం మీద ఆదాయపు పన్ను ఉంటుంది. ఆ డబ్బును మరో ఇంటికి పెడితే కొన్ని షరతులతో మినహాయింపూ ఉంది. సంతకాలకు ముందే ఆడిటర్‌ని అడగడం మంచిది.

రెండోది కట్టడం. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే... అందులో ఎవరుంటారు? అమ్మానాన్నలకైతే మెట్లు లేని రెండు గదులు చాలు. అద్దెకైతే బాడుగ ఎంతొస్తుందో, దూరాన ఉన్న పిల్లల్లో చూసుకునేదెవరో ముందే తేలాలి. 'ఊళ్లో మనకూ ఒక ఇల్లుండాలి' అన్న ఒక్క ముచ్చటతో కడితే ఖాళీ స్థలం కాస్తా ఖాళీ ఇల్లవుతుంది.

మూడోది ఉంచుకోవడం. తప్పేం లేదు. కంప కొట్టించి, కంచె వేసి, పన్ను కట్టి, ఏడాదికోసారి వచ్చి చూసుకోవాలి. ఒక వేప, ఒక కానుగ నాటినా సీమ ఎండలకు నీడే. బండలు నిల్వ చేసుకోవడానికి ఎవరైనా అడిగితే ఒప్పందం రాసుకునే ఇవ్వాలి.

మాట్లాడని ఇద్దరు

అసలు చిక్కు మాత్రం స్థలంలో లేదు, మౌనంగా ఉన్న ఆ కూతుళ్లలో ఉంది.

తండ్రి స్వార్జితమైతే బతికుండగా ఆయన ఇష్టం. వీలునామా రాయకుండా కన్నుమూస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కి, కూతుళ్లకు సమాన వాటాలు. ఆయన తల్లి ఉంటే ఆమెకూ ఒకటి. పిత్రార్జితంలో కూతుళ్లకు వాటా కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం తెచ్చింది. 2005లో అది దేశమంతటికీ వర్తించింది. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతో వచ్చేదేనని తేల్చింది. అయినా ఇళ్లలో 'ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేశాం కదా' అన్న ఒక్క మాటతో లెక్క ముగిసిపోతుంది. రిజిస్ట్రేషన్ రోజు మాత్రం 'ఇక్కడో సంతకం పెట్టమ్మా' అని కబురొస్తుంది. అన్నాచెల్లెళ్ల మధ్య రాకపోకలు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

కొన్న మనిషి కళ్లముందు ఉండగానే తేల్చుకోవడం అందుకే మంచిది. ఆయన ఏం అనుకుని కొన్నాడో చెప్పగలిగేది ఆయనొక్కడే. అమ్మినా, సెటిల్‌మెంట్ రాసినా, వీలునామా రాసినా అందరూ కూర్చున్నప్పుడు చెబితే తర్వాత కోర్టు మెట్ల మీద వినాల్సిన అవసరం తప్పుతుంది.

వచ్చే ఉగాదికి ఆ తండ్రి కొడుకునీ, తననీ పక్కనబెట్టి, చిన్న కూతురి వైపు తిరిగి "నువ్వేమంటావమ్మా?" అని అడిగాడనుకోండి. ఆమె పెద్దగా ఏమీ కోరకపోవచ్చు.

"అమ్మితే అమ్ము నాయనా. మమ్మల్ని ఒక మాట అడిగి అమ్ము" అంటుందంతే!