అచ్చు వంకరైతే ఇటుకని తిట్టి ఏం లాభం?

మెయిల్‌మ్యాన్ 2లో కొత్త మెయిలింగ్ లిస్టు పెట్టడం మహా తేలిక. సర్వరులో న్యూలిస్ట్ అని ఒక కమాండు కొడితే అది మూడే ప్రశ్నలు అడుగుతుంది. లిస్టు పేరేంటి, నడిపేవాడి మెయిలు అడ్రసేంటి, పాస్‌వర్డేంటి. చెప్పి ఎంటర్ నొక్కితే లిస్టు తయారు. టీ చల్లారేలోపు నాలుగు లిస్టులు పెట్టెయ్యొచ్చు. నేనూ పెట్టాను. పెట్టి, పెద్ద ఘనకార్యం చేసినట్టు కాలరు కూడా ఎగరేశాను.

అడిగింది మూడు ప్రశ్నలే గానీ, అడక్కుండా తేల్చేసిన సంగతులు వంద దాకా ఉంటాయి. ఎవరు రాయొచ్చు, ఎవరు చదవొచ్చు, పాత ఉత్తరాలు ఎవరికి కనపడాలి, ఎంత పెద్ద ఉత్తరాన్ని పోనివ్వాలి... ఇవన్నీ. ఈ వందకీ ముందే జవాబులు రాసిపెట్టిన అచ్చు ఒకటుంటుంది. దాన్నే ఒక సాఫ్ట్‌వేరు డిఫాల్ట్స్ అంటుంది, ఇంకోటి టెంప్లేటు అంటుంది, మరోటి స్టైలు అంటుంది. నా గోడంతా ఆ అచ్చు గురించే. ఒక్క ముక్కలో చెప్పాలంటే: తన అచ్చు తను రాసుకోకుండా లిస్టులు పెట్టే సర్వరు అడ్మిన్ది బద్ధకం అని సరిపెట్టుకోడానికి లేదు, అది అందులో చేరేవాళ్ళకి చేసే ద్రోహం. "డిఫాల్టు అలా ఉంది, నేనేం చెయ్యను" అనేది జవాబే కాదు.

ముందు నా ద్రోహం సంగతి చెప్పుకుంటా.

2009లో మా కాలేజీ బ్యాచ్ కోసం ఓ లిస్టు పెట్టాను. అరవైమంది దాకా చేరారు. అప్పుడు మాంద్యం రోజులు. మావాడొకడికి ఉద్యోగం పోయింది, అదే నెలలో వాళ్ళ నాన్నకి ఆపరేషను. వాడు ఆత్మాభిమానం పక్కనపెట్టి లిస్టుకి పెద్ద ఉత్తరం రాశాడు. ఎంత అప్పుంది, ఎవరికెంత ఇవ్వాలి, ఎంత కావాలి అన్నీ విడమరిచి. చివర్లో "ఇది మనలో మనకే రా" అని కూడా రాశాడు. డబ్బు సమకూరింది, ఆపరేషనూ అయింది. అంతా సంతోషమే.

రెండేళ్ళ తర్వాత వాళ్ళ చెల్లెలికి సంబంధం చూస్తున్నారు. అబ్బాయి మేనమామ కాఫీ తాగుతూ నింపాదిగా అడిగాట్ట, "అప్పులన్నీ తీరినట్టేనా బాబూ?" అని. ఆయనేమీ గూఢచారి కాదు. మావాడి పేరు గూగుల్లో కొట్టాడు, ఉత్తరం వచ్చింది. ఎందుకు రాదు? మెయిల్‌మ్యాన్ 2లో కొత్త లిస్టు ఆర్కైవు డిఫాల్టుగా బహిరంగం. లోకంలో ఎవడైనా చదువుకోవచ్చు, సెర్చింజను కూడా. పైగా సర్వరులో ఉన్న లిస్టుల పట్టికలో దాని పేరు కూడా డిఫాల్టుగా కనపడుతుంది. నేను ఈ రెండిట్లో దేన్నీ చూడలేదు. నన్ను అడగలేదు కదా!

ఆ రాత్రి ఆర్కైవు మూలఫైల్లోంచి ఆ ఉత్తరాన్ని తీసేసి, మొత్తం ఆర్కైవుని తిరగరాయించాను. ఉత్తరాల నంబర్లన్నీ జరిగి పాత లింకులన్నీ తప్పుడు ఉత్తరాలకి పోయాయి. ఆ పెళ్ళి అయితే జరిగింది గానీ, మావాడు మళ్ళీ ఆ లిస్టుకి ఒక్క ముక్క రాయలేదు.

ఇప్పుడు మెయిల్‌మ్యాన్ వాళ్ళని తిట్టిపోద్దామా? నేను తిట్టను. వాళ్ళు తమ వాడకానికి తగ్గట్టు పెట్టుకున్నారు. ఓపెన్ సోర్సు ప్రాజెక్టులో చర్చ అంతా బయటికి కనపడాలి. ఇవాళ ఒకడు అడిగిన సందేహానికి జవాబు పదేళ్ళ తర్వాత ఇంకొకడికి దొరకాలి. వాళ్ళ ఊళ్ళో అది ధర్మం. వాళ్ళ ఊరి ధర్మాన్ని తెచ్చి మా క్లాసు మీద రుద్దింది మాత్రం నేను. డిఫాల్టు అంటే తటస్థంగా ఉండేదేదో కాదు మహాశయా, అది ఎవరో ఒకరు ఎవరికోసమో తీసుకున్న నిర్ణయం. ఆ ఎవరో మీరు కాకపోతే, ఆ ఎవరికోసమో మీ జనం కాకపోతే, ఆ నిర్ణయం మీకు నప్పుతుందని ఏ ధైర్యంతో అనుకుంటారు?

ఇంకొన్ని చూడండి. మెయిల్‌మ్యాన్ 2 మామూలుగా ప్రతి నెలా ఒకటో తారీఖున సభ్యులందరికీ వాళ్ళ పాస్‌వర్డు గుర్తుచేస్తూ మెయిలు పంపేది, అదీ మామూలు అక్షరాల్లో, పోస్టుకార్డు మీద రాసినట్టు. వద్దనుకుంటే ఆపొచ్చు, కానీ ఆపాలని మనకి తోచాలి. ప్రకటనల కోసమని పెట్టిన లిస్టులో కూడా డిఫాల్టుగా సభ్యుడెవడైనా రాయొచ్చు. "ఆదివారం సమావేశం" అని కార్యదర్శి ఒక మెయిలు పెడితే ఎవడో లిస్టుకే "నేను రాలేను" అంటాడు, ఇంకొకడు "నన్ను లిస్టులోంచి తీసెయ్యండి" అంటాడు, మూడోవాడు "అందరికీ పంపకండి" అని అందరికీ పంపుతాడు. ఇది జనం బుద్ధిలేనితనం అనుకుంటాం. కాదు, ప్రకటనల లిస్టుకి చర్చల అచ్చు వాడినవాడి బుద్ధిలేనితనం.

తెలుగు సంగతి ఇంకా ఘోరం. ఉత్తరం సైజు హద్దు డిఫాల్టుగా 40 కిలోబైట్లు. ఇంగ్లీషువాడికి అది నలభై వేల అక్షరాలు, చిన్న పుస్తకంలో ఒక అధ్యాయం. మనకో? యూటీఎఫ్-8లో తెలుగు కోడు ఒక్కోటి మూడు బైట్లు. మెయిల్లో పంపేటప్పుడు బేస్64 చేస్తే మూడు కాస్తా నాలుగవుతుంది. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలో ఆరు కోడులున్నాయి, అంటే 24 బైట్లు. పైగా చాలా మెయిలు ప్రోగ్రాములు అదే ఉత్తరాన్ని మామూలుగా ఒకసారి, హెచ్‌టీఎంఎల్‌లో ఇంకోసారి పంపుతాయి. వెరసి తెలుగులో కాస్త మనసు విప్పి రాసిన ఉత్తరం "మరీ పెద్దది" అని మోడరేటరు దగ్గర ఆగిపోతుంది. ఆ మోడరేటరు నెలకోసారి గానీ మెయిలు చూడడు. రాసినవాడేమో తనకెవరూ జవాబివ్వలేదని అలుగుతాడు.

ఆర్కైవులో ఇంకో వింత. ఇంగ్లీషు లిస్టంటే డిఫాల్టుగా అక్షరమాల యూఎస్-ఆస్కీ. మావాళ్ళు తెలుగులో రాసిన జాబులు నా ఆర్కైవులో వరసగా ప్రశ్నార్థకాలై కూర్చున్నాయి. పేజీ నిండా ప్రశ్నలే, జవాబు ఒక్కటీ లేదు :) ఇంగ్లీషుకి కూడా యూటీఎఫ్-8 వాడమని కాన్ఫిగ్ ఫైల్లో ఒకే ఒక్క లైను రాస్తే పోయేది. ఆ లైను రాయాలని నాకు మూడేళ్ళు ఆలస్యంగా తెలిసింది. అప్పటికి తొలి ఉత్తరాల్లో కొన్ని ప్రశ్నార్థకాలుగానే మిగిలిపోయాయి.

"సరే, తప్పు తెలిశాక దిద్దుకోవచ్చుగా?" అంటారేమో. అసలు మెలిక ఇక్కడే ఉంది. మెయిల్‌మ్యాన్ 2లో డిఫాల్టులు మార్చితే ఆ తర్వాత పుట్టే లిస్టులకే వర్తిస్తాయి. పాతవి పాతగానే ఉంటాయి. 2015లో వచ్చిన మెయిల్‌మ్యాన్ 3లోనూ అంతే, స్టైలు అనేది లిస్టు పుట్టేటప్పుడు ఒక్కసారే పూస్తారు. ఫ్రాన్సు విశ్వవిద్యాలయాల్లో పుట్టిన సింపాలో కూడా మామూలు టెంప్లేటు లిస్టు సృష్టించేటప్పుడే పనిచేస్తుంది. తర్వాత కూడా అచ్చుతో ముడి తెగకుండా ఉండాలంటే వాళ్ళు "ఫ్యామిలీ" అని పిలిచే వేరే పద్ధతి వాడాలి. మొక్కై వంగనిది మానై వంగదని ఊరికే అన్నారా? ఇటుక అచ్చులో ఉన్నప్పుడే సరిచెయ్యాలి. కాల్చాక ఒక్కొక్కదాన్నీ చెక్కుకుంటూ కూర్చోవాల్సిందే.

అచ్చు ఒకసారి రాస్తే చాలనుకోడం కూడా తప్పే. 2014 ఏప్రిల్లో యాహూ తన అడ్రసులకి డీమార్క్ నియమాన్ని బిగించింది. యాహూ పేరుతో వచ్చే మెయిలు అసలు సంతకంతో రాకపోతే తిప్పికొట్టండి అని లోకంలోని సర్వర్లన్నిటికీ చెప్పింది. మన లిస్టు ఏం చేస్తుంది? సబ్జెక్టుకి ముందు లిస్టు పేరు తగిలిస్తుంది, కింద ఓ తోక తగిలిస్తుంది. అంతే, సంతకం చెల్లదు. అప్పుడు ఏమైందంటే, యాహూ నుంచి రాసినవాడు హాయిగా ఉన్నాడు. అది అందుకోవాల్సిన జీమెయిలు వాళ్ళ దగ్గర్నుంచి మెయిళ్ళు తిరిగొచ్చాయి. తిరిగొచ్చిన ప్రతి రోజుకీ మెయిల్‌మ్యాన్ వాళ్ళ ఖాతాలో ఒక మార్కు వేసి, డిఫాల్టు లెక్క ప్రకారం అయిదు కాగానే వాళ్ళకి మెయిళ్ళు ఆపేసింది. అత్త మీద కోపం దుత్త మీద! అదే ఏడాది వచ్చిన 2.1.18లో దీనికి విరుగుడు పెట్టారు. కానీ కొత్త లిస్టుకి అది దానంతటదే ఆన్ అవదు. అచ్చులో మీరు రాయాలి. రాయకపోతే ఇవాళ పెట్టే లిస్టు కూడా 2014 జబ్బుతోనే పుడుతుంది.

ఇక నాతో ఎప్పుడూ వాదించేవాళ్ళ మాట. "నేను సర్వరువాణ్ణి. లిస్టు యజమానికి సెట్టింగుల పేజీ ఇచ్చాను. ఆయన చూసుకోవాలి." అబ్బో! ఆ యజమాని ఎవరండీ? కాలనీ సంఘం కార్యదర్శి, రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన ముందు పదిహేను పేజీల ఇంగ్లీషు సెట్టింగులు పరిచి "చూసుకోండి" అనడం బాధ్యత అప్పగించడం కాదు, వదిలించుకోవడం. 2016 నవంబరు 14న ఇంగ్లండు ఎన్‌హెచ్ఎస్ మెయిలు వ్యవస్థలో జరిగింది గుర్తుందా? ఒకరు ఓ లిస్టు తయారుచేసుకుని పరీక్ష కోసం ఒక మెయిలు పంపితే అది ఎనిమిది లక్షల మందికి పైగా వెళ్ళింది. లిస్టు తయారుచేసే వ్యవస్థలోనే లోపం ఉండి అందరూ అందులోకి వచ్చిపడ్డారని తర్వాత చెప్పారు. మరి జవాబులు రాసినవాళ్ళు ఊరుకున్నారా? "నన్ను తీసెయ్యండి" అని అందరికీ రాశారు. మీట నొక్కినవాడిది కాదు తప్పు, ఆ మీట వెనకాల అచ్చు బిగించిన చోట ఉంది తప్పు.

"అయితే అన్నీ మూసిపెట్టేద్దాం, గొడవ ఉండదు" అనేవాళ్ళు మరో రకం. అదీ ఒప్పుకోను. యాహూ గ్రూపుల్లో రచ్చబండ లాంటి చోట్ల మనవాళ్ళు సాహిత్యం మీద, భాష మీద ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. 2019 చివర్లో పాత ఉత్తరాలు తీసేస్తామన్నారు, 2020 డిసెంబరులో ఆ సేవే మూసేశారు. అలాంటి చర్చకి బహిరంగ ఆర్కైవు, మన చేతిలో ఉండే నకలు, రెండూ ఉండాలి. అన్నీ తెరవడం, అన్నీ మూయడం రెండూ ఒకటే, ఆలోచించకపోవడం.

నేనిప్పుడు చేసేది చెప్తాను. నా సర్వరులో మూడే అచ్చులు. "ప్రకటన": నడిపేవాళ్ళే రాస్తారు, జవాబు రాసినవాళ్ళకే పోతుంది. "చర్చ": సభ్యులు రాస్తారు, ఆర్కైవు లోకానికి. "ఇంటివాళ్ళు": ఆర్కైవు సభ్యులకే, పట్టికలో పేరుండదు. మూడిట్లోనూ సైజు హద్దు పెంచాను, యూటీఎఫ్-8 పెట్టాను, డీమార్క్ విరుగుడు ఆన్ చేశాను. లిస్టు అడిగినవాళ్ళని నేనడిగేది ఒక్కటే: "ఇందులో రాసింది ఎవరు చదవాలి?" దాన్ని బట్టి అచ్చు నేనే ఎంచుతాను. అచ్చు మార్చినప్పుడల్లా దొంగ అడ్రసులు నాలుగు చేర్చి తెలుగులో ఒక ఉత్తరం పంపి చూస్తాను. లాగిన్ అవకుండా బ్రౌజరులో ఆర్కైవు తెరుచుకుంటుందేమో చూస్తాను. పాత లిస్టులన్నిటికీ అదే సెట్టింగుల ఫైలుని స్క్రిప్టుతో ఎక్కిస్తాను. అంతా కలిపి ఒక పూట పని.

"ఈ కాలంలో లిస్టులెవరండీ, అంతా వాట్సాపే" అని నవ్వుకుంటున్నారా? నవ్వండి. అక్కడ కొత్త గ్రూపు పెడితే డిఫాల్టుగా ఎవరు రాయొచ్చో ఒకసారి చూసి మరీ నవ్వండి. అడ్మిన్లు మాత్రమే రాసే వీలు 2018లోనే వచ్చింది. మీ అపార్టుమెంటు నీళ్ళ ట్యాంకరు గ్రూపులో పొద్దున్నే గుడ్‌మాణింగ్ పువ్వులు ఎందుకు పూస్తున్నాయో అర్థమవుతుంది.

చివరగా ఒక్కటి. నా మూడు అచ్చుల్లోనూ స్వాగతం ఉత్తరం ఉంటుంది. దాని మొదటి లైను తెలుగులో, ఎవరికైనా అర్థమయ్యేటట్టు, "ఇక్కడ మీరు రాసింది ఫలానావాళ్ళు చదవగలరు" అని. 2009లో ఆ ఒక్క లైను ఉండి ఉంటే మావాడు ఆ ఉత్తరం లిస్టుకి రాసేవాడు కాదు, నాకు ఫోను చేసేవాడు. మీ సర్వరులో ఆ లైను ఉందో లేదో ఇవాళే చూసుకోండి. లేకపోతే ఇంకో లిస్టు పెట్టేముందు రాయండి.