జేబులోని పోలీసు పటేలు

కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల గ్రామములలో పూర్వము పోలీసు పటేలను ఉద్యోగి యుండెడివాడు. ఊరిలోనికి క్రొత్తవాడు వచ్చినచో ఆ వార్త ఠాణాకు చేర్చుట అతని పని. 1984లో ప్రభుత్వము పటేలు, పట్వారీ పదవులను రద్దుచేసినప్పుడు పీడ విరగడయైనదని పల్లెలు సంతసించినవి. ఆ పటేలే నేడు ప్రతివాని జేబులోను వెలసినాడు. మునుపటివాడు నిద్రించెడివాడు, చుట్టరికమునకు కరగెడివాడు, బోనెక్కినచో వకీలు ప్రశ్నలకు తడబడెడివాడు. ఈ క్రొత్త పటేలుకు నిద్రయు లేదు, బోనును లేదు.

సెల్ ఫోను పనిచేయవలెనన్న అది ఏ టవరు క్రింద నున్నదో కంపెనీకి తెలియక తప్పదు. తప్పిపోయిన బిడ్డ జాడ తీయుటకును, హంతకుని పట్టుటకును ఆ లెక్క యుపకరించుచున్నది, కాదనువాడు మూర్ఖుడు. మా అభ్యంతరము వేరు. దేశభద్రత యను మాట ఉచ్చరించినంతనే, ఏ నేరమును మోపబడని మనుష్యుని అడుగుజాడలెల్ల అధికారి బల్లమీదికి చేరవచ్చునా?

మాట వినుటకు ఒక కట్టుబాటైనను కలదు. టెలిఫోను మాటలు చాటుగా వినుటకు హోం సెక్రటరీ ఉత్తరువును, ఆపైన సమీక్షాసంఘపు పరిశీలనయు నుండవలెనని 1996లో సుప్రీంకోర్టు శాసించినది. అడుగులు లెక్కించుటకో? పోలీసు అధికారి లేఖయే చాలుచున్నది. న్యాయాధికారి సంతకముతో పనిలేదు. ఎవడు ఏ వకీలు గుమ్మమెక్కెనో, ఏ వైద్యుని ఆశ్రయించెనో, ఏ సభలో కూర్చుండెనో తెలిసినపిమ్మట వాని మాటలు విననేల?

ఉత్తర తెలంగాణమున ఈ ప్రశ్న పుస్తకములలోనిది కాదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించిరి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకై తరలివచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. ఆనాడు సభకు నడచి వచ్చినవారెవరో తెలియుటకు వేగులవాడు కావలసెను. నేడట్టి సభ జరిగినచో ఒక్క టవరు పట్టిక తెప్పించిన చాలును. సభకు వచ్చినవాడు, అంగడిలో ఉప్పు కొనవచ్చినవాడు, బస్సులో ఆ దారిని పోయినవాడు, అందరును ఒకే జాబితాలో నిలుతురు.

అందును అడవి సీమలో టవర్లు పలుచన. ఒక్కదాని నీడలో పెక్కు గూడెములుండును. ప్రాణహితకు ఈ గట్టున కూర్చున్నవాని ఫోను ఆ గట్టునున్న మహారాష్ట్ర టవరును అందుకొనవచ్చును. ఒక్క ఫోనును ఇంటిల్లిపాదియు వాడుకొనుట మనమెరుగనిదా? ఆ పట్టిక చెప్పునది ఫోను జాడయే గాని మనిషి జాడ కాదు. దానిని కోర్టులో దాఖలు చేసినచో, సాక్ష్య చట్టము 63వ సెక్షను ప్రకారము ధ్రువపత్రమేదని వకీలు అడుగగలడు. అనుమానితుల జాబితా కోర్టు మెట్లెక్కనే యెక్కదు, ఇక అడుగుటెట్లు?

దాచుటకేమియు లేనివానికి భయమేల యని కొందరు పెద్దలు సెలవిచ్చుచున్నారు. మావోయిస్టుల కదలికలు కనిపెట్టుటకు నెలకొల్పిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి సంగతి వారు మరచినట్లున్నది. ఆ శాఖ సాధనములతో ప్రతిపక్ష నాయకుల, పత్రికా విలేఖరుల ఫోనులు వినిరనియు, 2023 డిసెంబరులో ప్రభుత్వము మారు తరుణమున హార్డుడిస్కులను ధ్వంసము చేసిరనియు అభియోగముపై 2024 మార్చిలో అరెస్టులు జరిగినవి. నేరము ఋజువగునో లేదో న్యాయస్థానము తేల్చును. కట్టుబాటున్న చోటనే ఇట్టి అభియోగము పుట్టగా, కట్టుబాటే లేని చోట నేమి జరుగునో పెద్దలే చెప్పవలెను.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా తీర్పుచెప్పిరి. మాదకద్రవ్యముల కేసులో ముద్దాయియైన ఒక విదేశీయుడు గూగుల్ మ్యాపులో తన ఉనికిని పోలీసులకు చూపుచుండవలెనని విధించిన జామీను షరతును 2024 జూలై 8న సుప్రీంకోర్టు కొట్టివేసినది. ముద్దాయికి గల రక్షణ నిరపరాధికి లేకపోవుట ఏ ధర్మము? అమెరికాలో 2018లోనే, ఒకని 127 దినముల టవరు లెక్కలను వారంటు లేక తీసికొనుట చెల్లదని వారి సుప్రీంకోర్టు నిర్ణయించినది. మన పార్లమెంటో, 2023 నాటి డేటా రక్షణ చట్టములో, భద్రత పేర ఏ ప్రభుత్వసంస్థనైనను నోటిఫికేషనుతో మినహాయించు నధికారమును కేంద్రమునకు ధారపోసినది. కంచెయు తానే, చేను మేయునదియు తానే!

మేము కోరునది స్వల్పము. ఒకని జాడ తీయవలెనన్న కారణములు వ్రాసి మేజిస్ట్రేటు ఉత్తరువు పొందవలెను. ప్రాణాపాయవేళ ముందు తీసి, మరునాడైనను ఆయన ముందుంచవలెను. ఉత్తరువునకు గడువుండవలెను. విచారణ ముగిసినపిమ్మట, నిన్నిన్నాళ్లు వెంబడించితిమని ఆ మనుష్యునికి నోటీసు పంపవలెను. ఏ జిల్లాలో ఎందరి జాడ తీసిరో ఏటేట శాసనసభకు లెక్క చెప్పవలెను. ఆ మొదటి లెక్క ఆసిఫాబాదు, జగిత్యాలలనుండి రావలెనని మా యభిలాష.